మార్చి సెలవులకు వాషింగ్టన్



అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి మార్చి నెలలో ఒక వారం క్లాసులు ఉండవు. స్ప్రింగ్ బ్రేక్ అంటారు. మిడ్‌టర్మ్ పరీక్షలు అప్పుడే ముగిసి ఉంటాయి, చలి ఇంకా పూర్తిగా వదలదు, మన లెక్కన ఉగాది దగ్గర పడుతూ ఉంటుంది. జనవరి దాటగానే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు కదుపుతారు, "ఈసారి ఎక్కడికిరా?" అని. ఒకరు మయామీ అంటారు, ఒకరు లాస్ వేగాస్ అంటారు, ఇంకొకరు ఏమీ అనకుండా బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. వాదన తెగక చివరికి అందరూ ఒర్లాండో దగ్గర రాజీ పడతారు. అక్కడ డిస్నీ వరల్డ్ ఉంది, యూనివర్సల్ ఉంది, ఇక ఆలోచించాల్సిన పని లేదు.

ఆ ఆలోచించాల్సిన పని లేకపోవడం మీదే నా పేచీ.

థీమ్ పార్కులంటే నాకు కోపం లేదు. చిన్నపిల్లలున్న వాళ్లు తప్పకుండా వెళ్లాలి, పెద్దవాళ్లు కూడా ఒకసారి చూడొచ్చు. కానీ అక్కడ మీరు ఎటు నడవాలో, ఎక్కడ తినాలో, ఏ మలుపులో కేక పెట్టాలో కూడా ఎవరో ముందే నిర్ణయించి ఉంచారు. నలుగురు కలిసి వెళ్లినా కలిసి తేల్చుకునేది ఏ క్యూలో ముందు నిలబడదామన్నదొక్కటే. ఖర్చు సరేసరి. ఒక్క పార్కుకు ఒక్క రోజు టికెట్టు వంద డాలర్లు ఎప్పుడో దాటింది. ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఇక్కడ ఊళ్లో బ్యాంకు అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. లైబ్రరీ కౌంటర్లోనో, క్యాంటీన్లోనో కష్టపడ్డ గంటలను క్యూలో నిలబడడానికి ధారపోయడం సబబా అని ఒక్కసారి అడుగుతున్నాను, అంతే.

నగరం సంగతి వేరు. ఊరు తన పనిలో తానుంటుంది, మిమ్మల్ని నవ్వించే బాధ్యత నెత్తిన వేసుకోదు. ఏది చూడాలో, ఏది వదిలేయాలో మీరే తేల్చుకోవాలి. స్నేహితులతో ఊరు చూడడంలో ఉన్న సరదా, చికాకు రెండూ ఆ తేల్చుకోవడంలోనే ఉన్నాయి. అందుకని ఈ పూట ఒక్క నగరాన్ని తీసుకుని మాట్లాడతాను. అది వాషింగ్టన్ డీసీ. విద్యార్థుల జేబుకు అమెరికాలో అంతకంటే అనువైన పెద్ద నగరం లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే అక్కడ పెద్ద మ్యూజియంలలో చాలావాటికి ప్రవేశ రుసుము లేదు. దీని వెనక ఒక విచిత్రమైన కథ ఉంది. జేమ్స్ స్మిత్‌సన్ అని ఒక ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఉండేవాడు. జీవితంలో ఒక్కసారి కూడా అమెరికాలో అడుగు పెట్టలేదు. 1829లో ఇటలీలో చనిపోయాడు. తన ఆస్తి మేనల్లుడికి చెందాలనీ, అతనికి వారసులు లేకపోతే వాషింగ్టన్‌లో విజ్ఞానం పెంచి పంచే సంస్థ ఒకటి స్థాపించడానికి అమెరికా ప్రభుత్వానికి చెందాలనీ వీలునామా రాశాడు. మేనల్లుడు వారసులు లేకుండానే పోయాడు. 1838లో లక్షకు పైగా బంగారు సావరిన్లు ఓడలో వచ్చాయి. వాటితో ఏం చేయాలో కాంగ్రెస్ సభ్యులు ఏళ్లతరబడి వాదించుకుని 1846లో స్మిత్‌సోనియన్ సంస్థను ఏర్పాటు చేశారు. జీవించి ఉండగా ఆ దేశం చూడని మనిషిని, పోయిన 75 ఏళ్లకు, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ స్వయంగా వెళ్లి అస్థికల రూపంలో వాషింగ్టన్‌కు తీసుకొచ్చాడు. అక్కడి స్మిత్‌సోనియన్ మ్యూజియంలు ఈనాటికీ ఎవరినీ డబ్బు అడగవు. డిసెంబర్ 25 తప్ప ఏడాదంతా తెరిచి ఉంటాయి. ఒక్క మెలిక ఉంది. కాంగ్రెస్‌లో బడ్జెట్ పేచీ వచ్చి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడితే వీటికీ తాళాలు పడతాయి. 2019 జనవరిలో అలాగే పడ్డాయి. బయలుదేరే ముందు వార్తలు చూసుకోవడం మంచిది.

సరే, ప్రయాణం సంగతికి వద్దాం. అన్నిటికంటే ముందు తేలాల్సింది తేదీ, అనుకున్నంత తేలిక కాదది. మనవాళ్ల స్నేహాలు విజయవాడలోనో, హైదరాబాదులోనో బీటెక్ చదివేటప్పుడు ముడిపడినవి. ఇప్పుడు ఒకరు డల్లస్‌లో, ఒకరు సెయింట్ లూయిస్‌లో, ఒకరు సిన్సినాటిలో. ఎవరి విశ్వవిద్యాలయం సెలవు వాళ్లది. ఒకరికి మార్చి రెండో వారం, ఇంకొకరికి మూడో వారం. వారమంతా అందరికీ కలవదు. కలిసే శని ఆదివారాలను పట్టుకుని, వాటికి అటో ఇటో రెండేసి రోజులు అతికించుకోవడం తెలివైన పని. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సెలవు వారంలో క్యాంపస్ ఉద్యోగం 20 గంటల పరిమితి దాటి చేసుకోవచ్చు. ఫీజు కట్టడానికి ఆ గంటలు కావాల్సిన స్నేహితుడు మీ గుంపులో ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడు నోరు తెరిచి చెప్పడు. మీరే అడగాలి.

తేదీ అనగానే చెర్రీ పూల మాట వస్తుంది. వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ అనే కొలను చుట్టూ తెల్లటి, లేత గులాబీ రంగు పూలతో చెట్లు నిండిపోతాయి, ఫొటోలు మీరు చూసే ఉంటారు. టోక్యో నగరం కానుకగా పంపిన చెట్లవి. మొదట 1910లో 2,000 మొక్కలు వచ్చాయి. వాటికి పురుగు, తెగులు పట్టి ఉన్నాయని వ్యవసాయశాఖ వాళ్లు తగలబెట్టించారు. ఒక దేశం పంపిన కానుకను కాల్చేయడమంటే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. టోక్యో మేయర్ యుకియో ఒజాకి నొచ్చుకోకుండా 1912లో మళ్లీ 3,020 మొక్కలు పంపించాడు. మార్చి 27న అధ్యక్షుడు టాఫ్ట్ భార్య, జపాన్ రాయబారి భార్య కలిసి మొదటి రెండూ నాటారు. మరి పూత చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి? యోషినో రకం చెట్ల మీద 70 శాతం పూలు విచ్చుకున్న రోజును నిండు పూత అంటారు. మామూలుగా అది మార్చి చివరి వారంలోనో, ఏప్రిల్ మొదటి వారంలోనో వస్తుంది. 1990లో మార్చి 15కే వచ్చేసింది, 1958లో ఏప్రిల్ 18 దాకా రాలేదు. కాబట్టి మార్చి మధ్యలో సెలవున్న వాళ్లు పూలను నమ్ముకుని టికెట్లు కొనకండి. దక్కితే సంతోషం, దక్కకపోయినా ఊరు ఎక్కడికీ పోదు. నిజానికి నిండు పూత వారంలో హోటల్ అద్దెలు ఆకాశంలో ఉంటాయి, కొలను గట్టు మీద నడవడానికి చోటుండదు. నన్నడిగితే ఆ వారం తప్పిపోవడమే కొంత మేలు.

ఎలా వెళ్లాలన్న దాని మీద ఒక మాట కచ్చితంగా చెబుతాను. అద్దె కారు తీసుకుని రాత్రంతా వంతులేసుకుని నడిపి పొద్దున్నే దిగుదామనే ఆలోచన మానుకోండి. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని చేసే ఈ పనిలో నిద్రమత్తు ఎవరి మాటా వినదు. పైగా పాతికేళ్లు నిండని వాళ్లకు కారు అద్దె సంస్థలు రోజుకు అదనపు రుసుము వేస్తాయి. వాషింగ్టన్‌లో దిగాక ఆ కారుకు పార్కింగ్ వెతకడం, దానికి డబ్బు కట్టడం ఇంకో తలనొప్పి. ఆ ఊళ్లో కారు అవసరమే లేదు. విమానంలో వస్తే మూడు విమానాశ్రయాలున్నాయి. రీగన్ విమానాశ్రయం ఊరి పక్కనే, దిగగానే మెట్రో. డల్లెస్ దూరం, అయితే 2022 నవంబర్ నుంచి అక్కడికీ మెట్రో సిల్వర్ లైన్ వచ్చింది. ఊళ్లోకి రావడానికి గంట వేసుకోండి. బాల్టిమోర్ విమానాశ్రయానికి టికెట్లు ఒక్కోసారి చవగ్గా దొరుకుతాయి, అక్కడి నుంచి యూనియన్ స్టేషన్‌కు రైలుంది. టికెట్టు ధర ఒక్కటే చూడకుండా ఊళ్లోకి చేరే ఖర్చు కూడా కలిపి లెక్కేయండి. 2025 మే 7 నుంచి దేశం లోపలి విమానాలకు కూడా రియల్ ఐడీ నిబంధన అమలవుతోంది. రియల్ ఐడీ గుర్తు లేని డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే చాలు.

బస విషయంలో నది దాటి వర్జీనియా వైపు, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో గది చూసుకోండి. రాస్లిన్, క్రిస్టల్ సిటీ అలాంటి చోట్లు. అక్కడి హోటళ్లు వారమంతా ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో నడుస్తాయి, శని ఆదివారాల్లో అద్దె తగ్గే అవకాశం ఎక్కువ. గది తీసుకోవడానికి కనీస వయసు కొన్ని హోటళ్లలో 21 ఏళ్లు, ముందే కనుక్కోండి. నలుగురి గదిలో ఎనిమిది మంది సర్దుకోవాలని చూడకండి. ఇంకో మనవి. రైస్ కుక్కర్ తీసుకెళ్తే తీసుకెళ్లారు గానీ, గదిలో తాలింపు మాత్రం పెట్టకండి. స్మోక్ అలారం మోగితే హోటల్ మొత్తం పైజామాలతో రోడ్డు మీదికి వస్తుంది.

ఇక ఊరు. 1791లో పియెర్ లాన్ఫాన్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు గీసిన పటం మీద కట్టిన ఊరిది. కాంగ్రెస్ భవనం, అంటే క్యాపిటల్, నడిమధ్య ఉందనుకుని ఊరిని నాలుగు దిక్కులుగా కోశారు. ఉత్తర దక్షిణంగా పోయే వీధులకు అంకెలు, తూర్పు పడమరలుగా పోయే వీధులకు ఇంగ్లిష్ అక్షరాలు, అడ్డంగా కోసుకుంటూ పోయే పెద్ద రోడ్లకు రాష్ట్రాల పేర్లు. ఇక్కడే కొత్తవాళ్లు పప్పులో కాలేస్తారు. ఒకే ఇంటి నంబరు, ఒకే వీధి పేరు వాయవ్యంలోనూ ఉండొచ్చు, ఆగ్నేయంలోనూ ఉండొచ్చు. చిరునామా చివర ఎన్‌డబ్ల్యూ అని ఉందా, ఎస్‌ఈ అని ఉందా చూడకుండా క్యాబ్ పిలిస్తే ఊరికి ఆ చివర తేలతారు. ఇంకో విశేషం, ఇక్కడ ఆకాశహర్మ్యాలు కనిపించవు. భవనాల ఎత్తుకు హద్దు పెడుతూ 1910లో చట్టం చేశారు. అందుకే న్యూయార్క్ చూసొచ్చిన వాళ్లకు మొదటి రోజు ఈ ఊరు కాస్త చప్పగా అనిపిస్తుంది. కాళ్లు అలవాటు పడ్డాక తెలుస్తుంది, ఇది నడిచేవాళ్ల ఊరని. క్యాపిటల్ నుంచి లింకన్ స్మారకం దాకా ఉన్న పచ్చిక మైదానాన్ని నేషనల్ మాల్ అంటారు, దగ్గర దగ్గర రెండు మైళ్లు. మ్యూజియంలలో సగానికి పైగా దీనికి అటూ ఇటూ ఉన్నవే.

మ్యూజియంలు ఉచితం కదా అని రోజుకు ఐదు చూసేద్దామనుకుంటారు. ఆ పని చేస్తే మూడో మ్యూజియంలో బల్లలు ఎక్కడున్నాయో తప్ప ఇంకేమీ కనపడదు. రోజుకు ఒకటి తీరిగ్గా, రెండోది తోస్తే. గుంపులో అందరికీ ఒకటే నచ్చాలని కూడా లేదు. విమానాలంటే పడిచచ్చేవాడు ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంకు పోయి రైట్ సోదరులు 1903లో ఎగరేసిన అసలు విమానం ముందు నిలబడతాడు. బొమ్మలంటే ఇష్టమున్న అమ్మాయి నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్తుంది. లియోనార్డో డావించి గీసిన చిత్రం అమెరికా ఖండాల్లో జనం చూడగలిగేది ఒక్కటే ఉంది, జినెవ్రా అనే యువతి బొమ్మ, అది అక్కడే ఉంది. ఇద్దరినీ ఒకే తాడుకు కట్టి లాక్కెళ్లడం దేనికి? పొద్దున విడిపోయి, మధ్యాహ్నం రెండింటికి ఫలానా మెట్ల దగ్గర కలుద్దామనుకుంటే సరిపోతుంది. విడిపోవడానికి ముందే ఒప్పుకున్న స్నేహితులు ప్రయాణంలో తక్కువ పోట్లాడుకుంటారు. ఎవరు చూసింది వాళ్లు భోజనం దగ్గర మిగిలినవాళ్లకు చెప్పాలని నియమం పెట్టుకోండి.

అయితే తెలుగువాళ్లు విడిపోకుండా కలిసి చూడాల్సిన చోట్లు రెండున్నాయి.

ఒకటి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో హోప్ వజ్రం. 45.52 క్యారెట్ల నీలి వజ్రం, గాజు పెట్టెలో ఉంటుంది, చుట్టూ ఎప్పుడూ జనమే. అది పుట్టింది మన కృష్ణ ఒడ్డున, పల్నాడులోని కొల్లూరు గనిలో అని చరిత్రకారులు భావిస్తారు. ఫ్రెంచ్ వ్యాపారి తావెర్నియే 112 క్యారెట్ల పైచిలుకు నీలి రాయిని ఇండియాలో కొని తీసుకుపోయి 1668లో పద్నాలుగో లూయీ రాజుకు అమ్మాడు. రాజు దాన్ని సానబట్టించాడు. ఫ్రెంచ్ విప్లవ కాలంలో, 1792లో, ఖజానాలోంచి దొంగలు ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్లకు లండన్‌లో మరింత చిన్నదై తేలింది. హోప్ అనే బ్యాంకరు కుటుంబం చేతికి వచ్చి ఆ పేరు నిలిచింది. చేతులు మారుతూ మారుతూ హ్యారీ విన్‌స్టన్ అనే న్యూయార్క్ నగల వ్యాపారి దగ్గరికి చేరింది. 1958లో ఆయన దాన్ని మ్యూజియంకు దానం చేస్తూ ఎలా పంపించాడనుకుంటున్నారు? సాయుధ రక్షకులా, ప్రత్యేక రైలా? మామూలు రిజిస్టర్డ్ పోస్టులో! తపాలా బిళ్లల ఖర్చు రెండున్నర డాలర్లు కూడా కాలేదు, మిగిలిందంతా బీమా. రాయిలో బోరాన్ కలవడం వల్ల ఆ నీలం. మరి అది పుట్టిన కొల్లూరో? పులిచింతల జలాశయం కింద మునిగిపోయింది. అక్కడికి వెళ్లి చూద్దామన్నా నీళ్లే.

రెండోది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. 1897లో తెరిచిన జెఫర్సన్ భవనం పైకప్పు చూడడానికి, గూటెన్‌బర్గ్ బైబిల్ చూడడానికి జనం వస్తారు. మీరు ఇంకో అడుగు లోపలికి వెళ్లండి. పదహారేళ్లు నిండిన ఎవరికైనా, పాస్‌పోర్టు చూపిస్తే, పాఠకుల కార్డు ఉచితంగా ఇస్తారు. ఆ కార్డుతో పఠన మందిరంలో కూర్చోవచ్చు. ఆసియా విభాగంలో తెలుగు పుస్తకాలు తెప్పించుకుని చదువుకోవచ్చు. తెలుగు పుస్తకాలు అంత దూరం ఎలా వెళ్లాయంటే, గోధుమల వల్ల. యాభైల, అరవైల నాటి తిండి కరువులో పీఎల్ 480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు పంపింది, మనం రూపాయల్లో చెల్లించాం. ఆ రూపాయల్లో కొంత పెట్టి, 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి, భారతీయ భాషల పుస్తకాలు కొని తమ లైబ్రరీలకు పంపించుకున్నారు. ఆ గోధుమ రొట్టెలు తిన్న తరం ఈ ప్రసంగం వింటున్న తాతలూ, నాయనమ్మలూ. ఆ పుస్తకాలు ఇప్పుడు మనవళ్లకు అక్కడ దొరుకుతున్నాయి. లైబ్రరీకి ముందే ఉచిత పాస్ తీసుకోవాలి, వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి.

ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం గురించి కూడా చెప్పాలి. 2016లో తెరిచారు. భూమి అడుగున బానిస ఓడల కాలంతో మొదలుపెట్టి పై అంతస్తులకు ఎక్కుతూ వస్తాం. కనీసం సగం రోజు కేటాయించండి, ఆ వెంటనే సరదా కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. బయటికొచ్చాక ఎవరికీ వెంటనే మాటలు రావు. ఆ సాయంత్రం లింకన్ స్మారకానికి నడవండి. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన మెట్టు మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ పక్కనే వియత్నాం స్మారకం, నల్లరాతి గోడ మీద 58,000 పైచిలుకు పేర్లు. దాన్ని రూపొందించిన మాయా లిన్‌కు అప్పటికి 21 ఏళ్లు, యేల్‌లో డిగ్రీ విద్యార్థిని. పోటీకి పంపిన 1,400కు పైగా నమూనాల్లో ఆమెది గెలిచింది. ఈ ప్రసంగం వింటున్న వాళ్లలో ఆ వయసు వాళ్లే ఎక్కువ కదా, అందుకని చెబుతున్నాను. స్మారకాలు రాత్రంతా తెరిచే ఉంటాయి, దీపాలుంటాయి, టికెట్టు లేదు. పగటి ఎండలో కంటే రాత్రి పూటే బాగుంటాయి. వాషింగ్టన్ స్తంభం, 555 అడుగుల రాతి కట్టడం, దాన్ని కాస్త పరీక్షగా చూస్తే మూడోవంతు కూడా రాకముందే రంగు మారుతుంది. డబ్బు చాలక, తర్వాత అంతర్యుద్ధం వచ్చి, పని ఇరవై ఏళ్లకు పైగా ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు రాయి వేరే గని నుంచి తెచ్చారు. ఒక చిన్న అర్జీ, మసాచుసెట్స్ అవెన్యూలో మన రాయబార కార్యాలయం ఎదుట గాంధీ విగ్రహం ఉంది. 2000 సెప్టెంబర్‌లో వాజ్‌పేయి, క్లింటన్ ఇద్దరూ వచ్చి ఆవిష్కరించారు. ఆ వైపు వెళ్తే ఆగండి.

తిండి దగ్గరికి వస్తే, మాల్ మీద మ్యూజియం క్యాంటీన్లలో ధరలు గట్టిగా ఉంటాయి. మధ్యాహ్నానికి పులిహోరో, చపాతీలో కట్టుకుని పచ్చిక మీద కూర్చుని తినండి, ఎవరూ ఏమనుకోరు. ఆదా చేసిన డబ్బు రాత్రి భోజనానికి పెట్టండి. వాషింగ్టన్‌లో తినాల్సింది ఇథియోపియా భోజనం. ఆ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు అక్కడ చాలామంది. టెఫ్ అనే సన్నటి ధాన్యం పిండిని పులియబెట్టి పోసిన ఇంజెరా మన దోశకు దూరపు చుట్టంలా ఉంటుంది, కాకపోతే మెత్తగా, ఇంకాస్త పుల్లగా, పళ్లెమంత వెడల్పుగా. దాని మీదే కందిపొడి రంగులో ఎర్రపప్పు, శనగపిండితో చేసిన షిరో, ఆకుకూరలు కుప్పలు కుప్పలుగా పెడతారు. అందరూ ఒకే పళ్లెంలోంచి, చేత్తోనే తినాలి. వాళ్లకు చర్చి ఉపవాస దినాలు ఎక్కువ కాబట్టి పాలూ మాంసం లేని వంటలు ఎన్నో ఉన్నాయి. శాకాహారులు ఉపవాసపు పళ్లెం కావాలని అడిగితే చాలు.

యూ స్ట్రీట్‌లో బెన్స్ చిల్లీ బౌల్ అని 1958 నాటి ఫలహారశాల ఉంది. దాన్ని పెట్టిన బెన్ అలీ ట్రినిడాడ్ నుంచి వచ్చినవాడు, భారత సంతతి మనిషి. 1968లో కింగ్ హత్య తర్వాత ఆ వీధి తగలబడుతున్నప్పుడు కూడా కర్ఫ్యూలో తెరిచి ఉంచిన దుకాణమది. హాఫ్ స్మోక్ అనే సాసేజ్‌కు పేరు. అందులో పంది, గొడ్డు మాంసాలు రెండూ ఉంటాయి. తినని వాళ్లకు కూరగాయల చిల్లీ ఉంది. చేపలు, పీతలు ఇష్టమైన గోదావరి జిల్లాల వాళ్లు మెయిన్ అవెన్యూ చేపల బజారుకు పోవాలి, 1805 నుంచి ఆ రేవులో అమ్మకం సాగుతోంది. గుడికి వెళ్లకపోతే అమ్మ ఊరుకోదు అనుకునే వాళ్లకు మేరీల్యాండ్‌లోని లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయం ఉంది. న్యూ క్యారల్టన్ స్టేషన్ దాకా మెట్రో, అక్కడి నుంచి కాస్త దూరం క్యాబ్.

డబ్బు మాట చివరికి ఉంచాను, మీరు మాత్రం మొదటే మాట్లాడుకోవాలి. బయలుదేరే ముందు ఒక్కొక్కరూ తాను పెట్టగలిగిన మొత్తం ఎంతో, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, ఒక అంకె చెప్పాలి. అందరి అంకెల్లో తక్కువ ఎంతో, ప్రయాణం దాని ప్రకారం వేయాలి. సగటు ప్రకారం వేస్తే తక్కువున్నవాడు క్రెడిట్ కార్డు గీకి, ఆరు నెలలు వడ్డీ కట్టి, మీకు మాత్రం నవ్వుతూ కనిపిస్తాడు. ఎవరైనా ఖరీదైన భోజనం చేయాలనుకుంటే చేయొచ్చు, దాన్ని ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో అందరి పేరున ఎక్కించకూడదు. లెక్క ఏ రోజుది ఆ రోజు రాత్రే రాసేయండి. వారం తర్వాత "ఆ క్యాబ్ డబ్బులు ఎవరిచ్చారు?" అనే ప్రశ్నతో విడిపోయిన రూమ్మేట్లున్నారు.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. పిల్లలు ఊరు చూడడానికి వెళ్తున్నామంటే ఆ డబ్బుతో చదువుకోవచ్చు కదా అనకండి. ఏ హోటల్లో ఉంటారో, ఎవరెవరు కలిసి వెళ్తున్నారో, ఎవరి ఫోన్ నంబర్లు ఏమిటో రాసి పంపమనండి. గంట గంటకూ ఫోన్ చేయకుండా రాత్రి ఒక మెసేజ్‌తో సరిపెట్టుకోండి.

పిల్లలూ, మీకు చివరిగా చెప్పేది. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంకు, ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంకు డబ్బు అక్కర్లేదు గానీ ఫలానా గంటకని పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మార్చి నెలవి త్వరగా అయిపోతాయి. మీ విశ్వవిద్యాలయం క్యాలెండర్ తెరిచి, సెలవు తేదీలు ఈ రాత్రే గ్రూపులో పెట్టండి.